సొఫ్రోనియె గారి కంచు గడ్డం

మీర్తెష్టి రేవులో ముప్ఫై ఏళ్లు గడ్డాలు గీశాను నేను. సొఫ్రోనియె జర్నెస్కు గారి బుగ్గల మీద మాత్రం నా కత్తికి ఏనాడూ పని తగల్లేదు. నలభై ఆరేళ్లు వచ్చినా ఆయన ముఖాన వెంట్రుక మొలవలేదు. అయినా ప్రతి శనివారం వచ్చి కుర్చీలో కూర్చునేవారు. సబ్బు నురగ పూయించుకుని, కళ్లు మూసుకుని, కొట్లో చేరినవాళ్ల మాటలు వినేవారు. ఆ మాటల కోసమే వస్తున్నారని నాకు తెలుసు. ఆయన కథలు రాసేవారు.

ఉద్యోగం కస్టమ్స్ ఆఫీసులో. డాన్యూబ్ నది మీద వెళ్లే గోధుమ పడవలకు కాగితాలు రాయాలి. ఇంటికొచ్చాక సొంత కాగితాలు. మొదటి పుస్తకం యుద్ధం ముగిసిన ఏడాది స్వయంగా అచ్చు వేయించుకున్నారు. మిగిలిపోయిన ప్రతుల్లోని పేజీలు భార్య ఒలింపియా గారి రేగుపళ్ల మురబ్బా సీసాల మీద మూతలయ్యాయి. రెండో నవల ఒక వారపత్రికలో వస్తుండగా, కథానాయకుడు పెళ్లిపీట మీద ఉన్న వారమే పత్రిక మూతపడింది. మూడోది, వరదలో ఇల్లు పోగొట్టుకున్న పడవవాడి కథ, ఎలాగో రాజధాని చేరింది. బుకారెస్ట్‌లో ఒక విమర్శకుడు దాన్ని చదివి, ‘మన డాన్యూబ్‌కు గర్వకారణం’ అని పేపర్లో రాశాడు.

మా ఊళ్లో ఆ నవల చదివినవాళ్లు లేరు. ఆ వాక్యం చదవనివాళ్లు లేరు.

వసంతంలో మంత్రి గారు వస్తున్నారనీ, ఆయన చేత ఆవిష్కరింపజేయడానికి ఊళ్లో ఏదీ లేదనీ మేయర్ బుర్దుజా అప్పటికే దిగులుపడుతున్నాడు. వెంటనే సొఫ్రోనియె గారి విగ్రహం పెడదామన్నాడు. కొత్తది పోతపోయించే వ్యవధి లేదు. పక్క జిల్లా శిల్పి దగ్గర ఒక కంచు విగ్రహం సిద్ధంగా ఉంది. చనిపోయిన ఒక గుర్రాల డాక్టరుది. బంధువులు పోట్లాడుకుని తీసుకెళ్లలేదట. విగ్రహం బండి మీద వచ్చింది. విప్పి చూస్తే రొమ్ము దాకా గడ్డం.

ఆ శనివారం మేయర్ నా కొట్టుకే వచ్చాడు.

“సొఫ్రోనియె గారూ, కాస్త గడ్డం పెంచండి.”

“నాకు రాదండీ, బుర్దుజా గారూ. మా నాన్నకీ రాలేదు.”

“కంచు గీయడం కష్టం. గడ్డం పెంచడం ఎంతసేపు? నిన్న కౌన్సిల్లో తీర్మానం కూడా అయిపోయింది. రచయిత విగ్రహాన్ని పోలి ఉండాలని ఏకగ్రీవంగా చేతులెత్తారు.”

“విగ్రహం కదండీ నన్ను పోలి ఉండాల్సింది?”

“అది ప్రభుత్వ ఆస్తి. మీరు కాదు,” అని మేయర్ నా వైపు తిరిగాడు. “ఒరే స్పీరూ, నువ్వేదో ఒకటి చెయ్యి.”

చేశాను. గుర్రపు తోక వెంట్రుకలు కడిగి, దువ్వి, సన్నటి గుడ్డ మీద కుట్టి, నాటకాలవాళ్లు వాడే జిగురుతో అతికించాను. మంత్రి గారు వచ్చారు, ఊరి తోటలో తెర లాగారు, విగ్రహాన్నీ మనిషినీ మార్చి మార్చి చూసి, “అచ్చు గుద్దినట్టుంది,” అని శిల్పిని మెచ్చుకున్నారు. ఎండకి జిగురు కరిగి గడ్డం ఎడమ పక్కకు జారింది. పాదిరీ గారు ఆశీర్వదించే నెపంతో దాన్ని సరిచేశారు.

ఆ ఒక్కరోజుతో పోతుందనుకున్నాం. మర్నాడు ఆయన నున్నటి ముఖంతో ఆఫీసుకు వెళితే కాపలావాడు గేటు తియ్యలేదు. “జర్నెస్కు గారికి గడ్డం ఉంటుంది. కావాలంటే తోటలోకెళ్లి చూసుకో,” అన్నాడట, పదకొండేళ్లుగా రోజూ సలాం కొట్టినవాడు. అప్పటినుంచి తెల్లారేసరికి నా కొట్టుకొచ్చి గడ్డం అతికించుకుని వెళ్లేవారు.

ఇంట్లో ఒలింపియా గారు ఊరుకోలేదు. నా ముందే అడిగారు.

“ఏమండీ, పులుసు మీకు పొయ్యమంటారా, దానికి పొయ్యమంటారా? సగం అదే తాగుతోంది.”

ఆయన నవ్వలేదు. ఆ నెలల్లో ఆయనకు నవ్వు రాలేదు. ఒకరోజు అద్దంలో తనను చూసుకుంటూ అన్నారు: “ఇది పెట్టుకుంటే వాక్యం వంగడం లేదు స్పీరూ. ‘వాన పడింది’ అని రాయబోతే ‘జాతి తడిసింది’ అని వస్తోంది.”

“తీసేసి రాసుకోండి సార్.”

“తీసినా అంతే. అది మొహం మీంచి లోపలికి దిగింది.”

నాకు భయమేసింది. కుట్టింది నేనే కదా.

వేసవి మధ్యలో, సంత రోజున, బరగాన్ మైదానం నుంచి గెర్వాసె అనే ముసలి రైతు కుంటుతున్న ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చి సరిగ్గా నా కొట్టు ముందు ఆగాడు. లోపల గడ్డం ఆరబెట్టుకుంటున్న సొఫ్రోనియె గారిని చూసి టోపీ తీశాడు.

“డాక్టరు బాబూ! తోటలో నీ బొమ్మ చూసి ఊళ్లోనే ఉన్నావని వెతుక్కుంటా వచ్చాను. దీన్ని చూడు.”

“నేను డాక్టర్ని కాను తాతా. రచయితని.”

“అదేంటి బాబూ?”

“కథలు రాస్తాను.”

“రాసుకో, ఎవరొద్దన్నారు? ముందు కాలు చూడు. దీని తల్లిని బతికించింది నువ్వే.”

సొఫ్రోనియె గారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. ఆయన బయటికి వెళ్లి, బిడియంగా గుర్రం కాలు పట్టుకున్నారు. అది మారాం చెయ్యకుండా ఎత్తింది. గిట్టలో లాడానికి పక్కగా ఒక గులకరాయి ఇరుక్కుని ఉంది. నా కత్తెర మొనతో దాన్ని పెకిలించారు. గుర్రం నాలుగడుగులు సాఫుగా నడిచింది. గెర్వాసె ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

ఆయన ఆ చేతిని చాలాసేపు జేబులో పెట్టుకోలేదు. ఇరవై ఏళ్లు రాసినా ఎవరూ వచ్చి అలా చెయ్యి పట్టుకోలేదు మరి.

మరుసటి వారం మూడు గుర్రాలు, ఆపై వారం ఒక గాడిద. తెలిసింది చేసేవారు. తెలియనిది జిల్లా పశువైద్యుడి దగ్గరకు పంపేవారు. గుర్రం కాలు ఒడిలో పెట్టుకుని రైతులు చెప్పేది వినేవారు. ఎవరి కోడలు బావి దగ్గర ఏమంది, కరువు ఏడాదిలో ఏ గుర్రాన్ని అమ్ముకుని ఎలా ఏడ్చారు, అన్నీ వినేవారు. సాయంత్రాలు రాసుకోవడం మళ్లీ మొదలైంది. ఒలింపియా గారు శుభ్రప్రతి తీస్తూ నాతో చెప్పారు: “వాన మళ్లీ వానగానే పడుతోంది స్పీరూ.”

శీతాకాలంలో ఎన్నికలొచ్చి బుర్దుజా ఓడిపోయాడు. కొత్త మేయరుకు తన పార్టీ నాయకుడి విగ్రహం కావలసి వచ్చింది. ఆ పెద్దమనిషికి గడ్డం ఉంది. విగ్రహం కదలలేదు, కింద పేరు పలక మారింది. సొఫ్రోనియె గారికి మునిసిపాలిటీ ముద్రతో ఒక ఉత్తరం వచ్చింది. ‘ఇకపై తమరు పోలి ఉండనవసరం లేదు’ అని అందులో ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు. గడ్డం నా చేతిలో పెట్టి, ఆ మధ్యాహ్నమే ఉద్యోగానికి రాజీనామా రాశారు. “ఏం తింటారు?” అని అడిగాను. “ఒలింపియా అడగలేదు, నువ్వడుగుతున్నావు,” అన్నారు.

ఇద్దరూ గెర్వాసె వాళ్ల ఊరు చేరారు. ఆమె అక్కడి బడిలో పాఠాలు చెబుతున్నారు. రైతుల మీద, గుర్రాల మీద రాసిన ఆ పుస్తకం వచ్చినప్పుడు, బుకారెస్ట్‌లో అదే విమర్శకుడు ‘రచయిత దారి తప్పాడు’ అని రాశాడు. నేను మాత్రం ఒక్క బిగిన చదివాను. నా కొట్టు కూడా ఉంది అందులో.

పోయిన వేసవిలో చూసొద్దామని బండి కట్టించుకుని వెళ్లాను. గెర్వాసె వాకిట్లో మొక్కజొన్న సంకటీ జున్నూ పెట్టారు. సొఫ్రోనియె గారి ముఖం నున్నగా ఉంది, ఎండకు కందిపోయి. ముసలాణ్ణి పక్కకు తీసుకెళ్లి అడిగాను.

“ఏం తాతా, ఆయన డాక్టరు కాదని ఎప్పుడు తెలిసింది నీకు?”

“మొదటిరోజే. డాక్టరు శవాన్ని మోసిన నలుగురిలో నేనొకణ్ణి.”

“మరి ఆ రోజు అలా ఎందుకన్నావ్?”

“చచ్చినోడైతే ఫీజు అడగడుగా!” అని పళ్లులేని నోటితో నవ్వాడు. “అయినా ఈయన చెయ్యి మంచిది. గుర్రాలకి తెలుస్తుంది.”

భోజనాలయ్యాక సొఫ్రోనియె గారు కొత్త కథలో ఒక పేజీ చదివారు. అందులో ఒక ఎర్ర గుర్రం నది దాటుతోంది. గెర్వాసె చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎర్రది కాదు. చుక్కల బూడిదరంగు. నేనక్కడే ఉన్నా.”

“కథ కోసం ఎర్రది చేశాను తాతా.”

“కథ కోసమైతే నది దాటదు మరి. ఎర్రవాటికి నీళ్లంటే పడదు.”

సొఫ్రోనియె గారు చెవి మీది పెన్సిల్ తీసి, ‘ఎర్ర’ అన్నమాట కొట్టేసి, మోకాలి మీదే దిద్దుకున్నారు. ఆ తర్వాత మళ్లీ మొదటినుంచి చదివారు.