ముప్పై ఒకటి పక్కన టి.హెచ్.

నీటి సరఫరా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పాత ఫైళ్లు కాపాడిన రికార్డు కీపరు జూలై నెలాఖరున సొరుగు ఖాళీ చేశాడు. కళ్లజోడు గుడ్డ, కత్తెర, సగం వాడిన జిగురు సీసా సంచిలో వేసుకుని, చెప్పి వెళ్దామని ఆఫీసరు గదిలోకి వెళ్లాడు.

ఆఫీసరు అతని రిటైర్మెంటు ఉత్తర్వును కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"మీరు ఇవాళ రిటైరవడం లేదండీ."

"ఇవాళ ముప్పై ఒకటేగా సార్?"

"ఇవాళ థర్టీ ఫస్టు. ఇందులో నెల పేరు లేదు, ఉన్నదల్లా థర్టీ వన్తు. అంకె పక్కన ఎస్.టి. ఉండాల్సిన చోట టి.హెచ్. ఉంది. అలాంటి తారీకు ఏ క్యాలెండర్లో ఉందో చూపించండి! అది వచ్చేదాకా మీరు సర్వీసులో ఉన్నట్టే."

అతను పరుగున టైపిస్టు దగ్గరికి వెళ్లాడు. ఆవిడ తొణకలేదు.

"నాలుగుకి టి.హెచ్., ఐదుకి టి.హెచ్., వందకీ అదే. ఒకటీ రెండూ మూడూ మాత్రం కొత్తల్లుళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో మర్యాద. పదకొండు, పన్నెండు, పదమూడుకి ఆ బెట్టు ఉండదు. ఇరవై దాటాక మళ్లీ మొదలు! ఎన్నని గుర్తుపెట్టుకోను అన్నయ్యా?"

"సరే తల్లీ, ఇప్పుడు దిద్దు."

"దిద్దాలంటే సవరణ ఉత్తర్వు కావాలి. అమల్లోకి వచ్చినదాన్నే సవరించాలని రూలు. మీది అమల్లోకి రావాలంటే ఆ తారీకు రావాలి కదా?"

మర్నాడు అతని స్థానంలో వేసిన కొత్తావిడ వచ్చింది. ఆమె ఉత్తర్వులో ఒకటి పక్కన ఎస్.టి. శుభ్రంగా ఉంది. గది ఒకటి, కుర్చీ ఒకటి, కీపర్లు ఇద్దరు. కూర్చోమని ఆమె, మీరే కూర్చోండని ఇతను. మధ్యాహ్నం దాకా ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఆ తర్వాత ఆమె ఫైలు తీసేది, ఇతను మళ్లీ అక్కడే పెట్టేవాడు. చూసేవాళ్లకు పని జోరుగా సాగుతున్నట్టే ఉండేది. వారం తిరిగేసరికి, తన ముప్పై నాలుగేళ్లూ ఇలాగే గడిచాయేమోనన్న అనుమానం అతనికి పట్టుకుంది. అన్నం సయించలేదు.

భార్య సంగతంతా విని నెత్తి కొట్టుకుంది.

"మనకి ఏ అంకెకైనా ఒక్క 'వ' తగిలిస్తే చాలు. ఒకటవ, రెండవ, వందవ. వీళ్లకేం పోయేకాలం! ఆ తారీకు రావాలి, అంతేగా? రప్పిద్దాం."

ఆఫీసు గోడలకు క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సుకు ఆమే వెళ్లింది. "ఆగస్టు కాగితం ఒక్కటంటే ఒక్కటి. ముప్పై ఒకటి పక్కన టి.హెచ్. వెయ్యండి," అంది.

ప్రెస్సాయన చెవులు మూసుకున్నాడు. "తప్పు అచ్చేస్తే నా పేరేం కావాలమ్మా?"

"కిందటేడు మార్చిలో రెండు బుధవారాలు పక్కపక్కనే వేశారు. నేనెవరితోనూ అనలేదు."

సాయంత్రానికల్లా కాగితం తయారైంది.

ఆగస్టు చివరి రోజు పొద్దున్నే రికార్డు కీపరు దాన్ని ఆఫీసరు ఎదుటి గోడకు తగిలించాడు. ఆఫీసరు లేచి, అంకె మీద వేలు పెట్టి, ఉత్తర్వుతో అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాడు.

"వచ్చేసింది," అన్నాడు, ఆలస్యమైన రైలు గురించి అన్నట్టు.

అక్కడికక్కడే సంతకం పెట్టి, అందరికీ టీ తెప్పించాడు. కొత్తావిడ ఎట్టకేలకు కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక ఎందుకో కళ్లు తుడుచుకుంది.

అందరూ వెళ్లాక ఆఫీసరు తలుపు దగ్గరగా వేశాడు.

"నాది డిసెంబరు థర్టీ ఫస్టండీ. నా ఖర్మ కొద్దీ టైపిస్టు సరిగ్గా కొట్టింది. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తెలీదు నాకు. ఆ ప్రెస్సాయనతో చెప్పి, డిసెంబరుని ముప్పైతో ఆపించగలరా?"

రికార్డు కీపరుకు నెల రోజులుగా ఉన్న కోపం ఒక్కసారిగా చల్లారింది.

"అలాంటివి మా ఆవిడ చూస్తుందండీ. రేపు ఇంటికి రండి."

మర్నాడు ఆదివారం కూడా కాదు, ఆఫీసరు నిజంగానే సెలవు పెట్టి ఎనిమిదింటికల్లా వచ్చాడు. ఆవిడ అంతా విని, "తారీకు రప్పించడం తేలికే బాబూ, ఆపడం నా వల్ల కాదు," అని బంగాళాదుంపల గిన్నె, చాకు అతని ముందు పెట్టింది. ఆఫీసరు మొదటిదాన్ని తొక్కతో పాటు సగం చెక్కేశాడు. మూడోదానికి చెయ్యి తిరిగింది. గిన్నె ఖాళీ అయ్యాక, సంకోచంగా అడిగాడు:

"రేపు కూడా రావచ్చాండీ?"