రెండో కాగితం

మేడ మీద ఒకటో నంబరు తేనెటీగల పెట్టెకు చెవి ఆనించి తూకమ్మ చాలాసేపు కూర్చుంది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తేనె సీసా చేతికి ఇస్తే చాలు, బరువు చెప్పేస్తుంది. మనుషుల బరువు కూడా చెబుతుందని గిట్టనివాళ్లు అంటారు.

పెట్టెలోంచి వస్తున్నది రోజూ వినే రొద కాదు. లోపల ఎవరో తలుపేసుకుని సన్నగా మూలుగుతున్నట్టుంది. రాణి ఈగ పోయింది. చట్రాలు తీసి చూస్తే గుడ్లు లేవు, పిల్ల పురుగులు లేవు. తూకమ్మ లెక్క వేసింది. పని చేసే ఈగ ఆయుష్షు ఈ కాలంలో నలభై రోజులు. అందులో సగం అయిపోయింది. ఇంకో మూడు వారాలైతే, తాత సొంత చేత్తో చెక్క కోసి చేసిన పెట్టెలో గాలి తప్ప ఏమీ మిగలదు.

తోటల్లో ఆమెకు ఇరవై పెట్టెలున్నాయి. అవన్నీ బయట కొన్నవే. తాత నాటి గూడు వంశం ఇంకెక్కడైనా ఉందంటే వాగు అవతల చెల్లెలి దగ్గరే. పదకొండేళ్ల కిందట ఈ గూడునే రెండు చేసి చెల్లెలు సగం పట్టుకెళ్లింది. మొదటి పంట తేనె తెచ్చి చూపిస్తే, కింద తన తేనె కొట్టు నిండా జనం ఉండగా, తూకమ్మ మూతైనా తీయకుండా సీసా వంచి చూసి "పలచన" అంది. ఒకే ఒక్క మాట. చెల్లెలు సీసా తీసుకుని మెట్లు దిగింది. మళ్లీ ఎక్కలేదు.

తూకమ్మ ఫోను చేసింది.

"నేనే."

"తెలుసు. ఏ పెట్టె?"

"ఒకటో నంబరు."

"సాయంత్రం నా పెట్టె పట్టుకొస్తా. ఈగలన్నీ గూటికి చేరాలిగా."

"ఏమివ్వాలో చెప్పు."

"తర్వాత చెబుతాలే."

ధర తేలని సరుకు ఆమె గడప తొక్కడం అదే మొదలు.

పొద్దు వాలుతుండగా చెల్లెలు వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నడక మాత్రం అదే, ఎవరో తరుముతున్నట్టు. పాత పెట్టె మూత తీసి, "పేపరివ్వు" అంది. తూకమ్మ చేతికి అందింది ఇచ్చింది.

"రాశిఫలాల పేజీ వద్దే అక్కా! చదువుతూ కూర్చుంటే కొరకడం మానేస్తాయి."

తూకమ్మకు నవ్వొచ్చింది గానీ లోపలే దాచుకుని వేరే కాగితం ఇచ్చింది. ఇది తాత నేర్పిన పద్ధతి. పరాయి వాసన తగిలితే ఈగలు చంపుకుంటాయి. అందుకే కింద రాణి లేని గూడు, పైన రాణి ఉన్న గూడు, నడుమ ఒక్క కాగితం. ఇటువీ అటువీ కొరుక్కుంటూ వస్తాయి. కాగితం చిరిగేసరికి వాసనలు కలిసిపోతాయి. అప్పటికి ఎవరు ఎవరో వాటికే గుర్తుండదు.

చెల్లెలు కాగితం పరిచి, సూదితో నాలుగు చిల్లులు పొడిచి, తన పెట్టె తేవడానికి కిందికి దిగింది. తూకమ్మ ఆ కాగితాన్ని చూసింది. మరీ పలచన. అంత పలచనిదాన్ని నమ్మి తాత గూడును ఎలా అప్పగించడం? గబగబా దాని కిందికి ఇంకొకటి తోసింది. దానికి చిల్లులు లేవు.

తెచ్చిన పెట్టెను పైన పెట్టి, "కలిసేదాకా కదలను" అని చెల్లెలు చిన్నప్పటి గదిలోనే సంచి పెట్టుకుంది.

ఆ రెండు రోజులూ తూకమ్మకు కలలో నడిచినట్టుంది. అరల్లో తేనె సీసాల మీదుగా ఎండ వచ్చి నేల మీద పచ్చగా కదులుతుంటే, కొట్టు కొట్టంతా నీళ్లలో మునిగిన ఇల్లులా ఉంది. మధ్యాహ్నం గల్లా దగ్గరే కునుకు పట్టింది. గోడ అవతల చిన్న గోళ్లతో ఎవరో గీకుతున్నారు. తాత నోట్లో మేకులు పెట్టుకుని చెక్కలు కొడుతూ, "తలుపు తియ్యవే, పిల్ల బయటుంది" అంటున్నాడు. ఆమె గడియ కోసం తడుముతోంది. గోడంతా కాగితమే, గడియ ఎక్కడా లేదు.

మెలకువ వచ్చాక కూడా మైనం వాసన ముక్కును వదల్లేదు.

మూడో రోజు పొద్దున చెల్లెలు పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉంది. "ఈపాటికి గుమ్మంలో కాగితం పొట్టు రాలాలి. ఒక్కటీ లేదు. పైనున్నవాటికి బయటికి దారి లేదక్కా. ఎండెక్కితే రాణితో సహా ఉడికిపోతాయి."

తూకమ్మ మనసులో లెక్క వేసింది. నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే రెండు గూళ్లూ పోతాయి.

"రెండేశానే."

"ఏంటి?"

"కాగితాలు. నువ్వు కిందికెళ్లినప్పుడు."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. తిడుతుందనుకుంటే పకపకా నవ్వింది. "నీ అనుమానం పాడుగాను! కొసరు ఎవరికీ వెయ్యవు, దీనికి మాత్రం వేశావా? పొగడబ్బా తే, ముందు ఈగలు సద్దుమణగాలి."

చెల్లెలు పై పెట్టెను ఒక వైపు ఎత్తి పట్టుకుంటే తూకమ్మే కింది కాగితాన్ని మెల్లగా లాగింది. మణికట్టు మీద రెండు ఈగలు కుట్టాయి. వదల్లేదు.

మర్నాడు తెల్లవారేసరికి గుమ్మం ముందంతా సన్నటి తెల్ల పొట్టు. ఈగలు ఒక్కో తునకా మోసుకొచ్చి గాల్లోకి వదులుతున్నాయి. వార్తలన్నీ అక్షరం అక్షరంగా మేడ మీంచి వీధిలోకి ఎగిరిపోతున్నాయి. పెట్టెకు చెవి పెట్టింది. మూలుగు లేదు. తాత బతికున్న రోజుల్లో, తను జ్వరంతో పడుకుంటే వినిపించిన అదే రొద.

"ఇప్పుడు చెప్పు ధర" అంది.

"కొట్లో చెబుతా."

కొట్టు తెరిచారు. జనం చేరాక చెల్లెలు సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క చెంచా. అందరి ముందూ."

తూకమ్మ మూత తీసింది. చెంచా నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. లోపం కోసం వెతికింది. పువ్వు సరే, గట్టితనం సరే, గూట్లో మగ్గిన రోజులు సరే. గొంతు దిగేదాకా వెతికింది. ఆ చివర్న ఎక్కడో తాత పెట్టె చెక్క వాసన.

"ఇదెంతమ్మా?" అని ముందు నిలబడ్డ టైలరు అడిగాడు.

ఆ కొట్లో ఆమె ఉండగా ఇంకొకరు ధర చెప్పింది లేదు. తూకమ్మ నడిమి అరలోని తన సీసాలను ఒక పక్కకు జరుపుతూ, తల తిప్పకుండానే అంది.

"నన్నెందుకు అడుగుతావ్? సరుకు దానిది. దాన్నే అడుగు."