మేడ మీది ఎండ

నేను ఒక ప్లగ్గుని. మామూలు ప్లగ్గునంటే మా కంపెనీవాళ్లు ఒప్పుకోరు, పెట్టె మీద 'స్మార్ట్' అని పెద్దక్షరాలతో అచ్చు వేశారు. అరచేతిలో ఇమిడిపోయే, పక్కన చిన్న బొత్తాం ఉన్న తెల్లటి డబ్బాని. ఒక వైపు గోడ, ఇంకో వైపు యంత్రం, మధ్యలో నేను. ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో నన్ను బిగించిన అమ్మాయి నా దీపం ఒకసారి వెలిగించి చూసి, పక్కనున్నావిడతో పెళ్లి కబుర్లు చెబుతూనే పెట్టెలో పడేసింది. నా పుట్టుక గురించి అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

మొదట నన్ను కొన్నది విజయవాడలో ఉద్యోగం చేసుకునే మురళీధర్. మంచం దిగకుండా ఫోన్లోంచి కూలరు ఆపుకోవాలని అతని సరదా. స్విచ్చి మంచానికి మూడడుగుల దూరంలోనే ఉండేది. ఒక్క అడుగు వేయకుండా ఉండడానికి మనుషులు ఎంత కష్టపడతారో అక్కడే చూశాను. పెళ్లయ్యాక అతని భార్య నన్ను చూసి పడీ పడీ నవ్వింది. దాంతో అతను సిగ్గుపడి, నన్ను సామర్లకోటలో ఉన్న మేనమామకి అంటగట్టాడు.

ఆ మేనమామ భీమేశ్వరరావుగారు. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. బస్సులు పోయినా టైముల పిచ్చి పోలేదు. నేను వెళ్లేసరికి మేడ మీద సోలార్ ప్యానెళ్లు కొత్తగా వెలిశాయి. పగలు ఇంట్లో వాడని కరెంటు తీగ వెంట బయటికి పోతోందని ఆయనకి ఒకటే బెంగ. "మన మేడ మీద పడ్డ ఎండ మనం వాడుకోకుండా ఊరికి పంచిపెట్టడమేంటే?" అనేవారు భార్య వరహాలమ్మగారితో.

నన్ను మెట్ల కింద నీళ్ల మోటరు దగ్గర పెట్టారు. ప్యానెళ్ల కరెంటు ఇంటి అవసరం దాటి మిగిలితే మెయిన్ దగ్గరున్న మీటరు నాకు కబురు పంపుతుంది, నేను మోటరు వేస్తాను. మిగులు తగ్గితే ఆపేస్తాను. అంతే నా ఉద్యోగం. మబ్బు వచ్చినప్పుడు మోటరు ఆగి, మబ్బు పోగానే దానంతటదే తిరగడం చూసి ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో మిక్సీ, ఇస్త్రీ, బట్టలుతకడం, అన్నిటినీ మిట్టమధ్యాహ్నానికి మార్చేశారు. పొద్దున్నే వరహాలమ్మగారు ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే చాలు, "అప్పుడే ఎండెక్కడొచ్చిందే?" అని అడ్డం పడేవారు.

ప్యానెళ్లు పెట్టించే ముందు ఆయన అందరినీ అడిగారు. అమ్మేవాళ్లని అడిగారు, కరెంటాఫీసులో అడిగారు, మేనల్లుణ్ని అడిగారు. వరహాలమ్మగారిని మాత్రం అడగలేదు.

ఆ మేడ ఆవిడది. ఏటా మాఘమాసంలో అక్కడ బూడిదగుమ్మడి వడియాలు పెడతారు. స్టేషన్ రోడ్డులో భోజన హోటలు నడిపే గవర్రాజు ఆవిడ వడియాలు తప్ప ఇంకొకరివి తీసుకోడు. అసలు ఊళ్లో భీమేశ్వరరావుగారిని 'వడియాలమ్మగారి ఆయన' అంటేనే త్వరగా గుర్తుపడతారు, ఆ సంగతి ఆయనకి అంతగా నచ్చదనుకోండి. ఇప్పుడు ఎండ పడే మేరంతా ప్యానెళ్లు పరుచుకున్నాయి. మిగిలిన జాగాలో పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు నీడ. గుమ్మడి వడియానికి మొదటి రోజు ఎండ తగలకపోతే వాసన కొట్టేస్తుంది. ఈ ఏడు వడియాలు పెట్టగలనా అని ఆవిడ దిగులు. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నా ముందు నిలబడి, మెట్ల పైకి ఒకసారి చూసి, మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేవారు.

మాఘం వచ్చింది. ఒక పొద్దున ఆవిడ పిండి గిన్నె, తడిపిన పాత నేతచీర పట్టుకుని చరచరా మెట్లెక్కారు. దిగేటప్పుడు గిన్నె ఖాళీ. కాసేపటికే మీటరు నుంచి కబురు, మిగులు లేదని. నాకు విషయం అర్థమైపోయింది. చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నం భీమేశ్వరరావుగారు ఒళ్లంతా సబ్బు రాసుకున్నాక ట్యాంకు ఖాళీ అయి కుళాయి ఆగిపోయింది.

"ఏమే, నీళ్లు!"

"మోటరు వేసెయ్యనాండీ?"

"వద్దొద్దు! ప్లగ్గు దానంతటదే వేస్తుంది. బయటి కరెంటు ముట్టుకోకు!"

నురగలోంచి వచ్చిన ఆ మాటలు విని ఆవిడ నవ్వాపుకుంటూ బిందెతో నీళ్లు తెచ్చి ఇచ్చారు. మర్నాడూ ఇదే వరస. ఆయన నన్ను ఊడబీకి, దులిపి, ఊది, చవకరకం సరుకని తిట్టి, చివరికి మేనల్లుడికి ఫోన్ చేశారు. "ప్యానెళ్ల మీద ఏదన్నా నీడ పడుతుందేమో చూడండి మావయ్యా" అన్నాడు మురళీధర్. ఆయన మెట్లెక్కారు.

పైనుంచి ఒక కేక. "వరహాలూ! ఏంటే ఇది?"

ఆవిడ పరుగున పైకి వెళ్లారు. "లాగకండి! ఇంకా పచ్చిగానే ఉన్నాయండీ, గుడ్డ వెనక నీళ్లు చిలకరించి ఒలవాలి..."

ఆయన లాగేశారు. వడియాలు మేడంతా చెదిరి, కొన్ని మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి సరిగ్గా నా కింద పడి చితికింది.

"ఇంత ఖర్చుపెట్టి ప్లేట్లు వేయించింది వడియాలు ఆరబెట్టడానికా?"

"మన ఎండ మనమే వాడుకోవాలని రోజూ అనేది మీరే కదండీ." ఆవిడ గొంతు తగ్గించలేదు. "ముప్పయ్యేళ్ల నుంచీ నేను వాడుకుంటూనే ఉన్నాను. ఇది నా ఎండ కూడానండీ. ప్లేట్లు పెట్టేటప్పుడు నన్ను ఒక్కమాట, ఒకే ఒక్కమాట అడిగారా?"

ఆవిడ చీపురు తెచ్చుకుని పై మెట్టు నుంచి ఊడ్చుకుంటూ కిందికి దిగారు.

రెండ్రోజుల తర్వాత గవర్రాజు వచ్చాడు. "అక్కయ్యగారూ, మన వడియాలు ఎప్పటికిస్తారండీ? పప్పుచారులోకి వడియం లేదంటే జనం నన్ను నంజుకు తింటన్నారండి బాబూ!"

"ఈ ఏడు లేవు గవర్రాజూ. ఇంక పెట్టను. ఇంకెవరినన్నా చూసుకో."

"అదేంటండక్కయ్యగారూ, ఒంట్లో బాగోలేదాండీ?"

"ఒంట్లో బానే ఉంది. మేడ మీద జాగా లేదు."

ఇవాళ పాలు లేవని చెప్పినంత మామూలుగా చెప్పారు. అందుకే నాకు చాలా బాధేసింది. భీమేశ్వరరావుగారు వరండాలో కూర్చుని ఫోన్లో ప్యానెళ్ల కరెంటు లెక్క చూపే గీతలు తెరిచి పెట్టుకున్నారు. ఫోను వెలుగుతూనే ఉంది, ఆయన మాత్రం దాన్ని చూడడం లేదు.

మర్నాడు ప్యానెళ్లవాళ్లని పిలిపించారు. ముందు వరసలోవి రెండు తీసి మెట్లగది పైకప్పు మీద పెట్టమన్నారు.

"అక్కడ మధ్యాహ్నం దాటితే నీడేనండి. కరెంటు తగ్గిపోద్ది సార్."

"తగ్గనీ."

వాళ్లు వెళ్లాక ఆయన బజారుకెళ్లి ఒక గుమ్మడికాయని భుజం మీద మోసుకొచ్చి వంటింటి గడప దగ్గర దించారు. వరహాలమ్మగారు దాన్ని వేలితో కొట్టి చూశారు. "లేత కాయండీ ఇది. వడియాలకి పనికిరాదు." ఆయన దాన్ని మళ్లీ భుజానికెత్తుకుని బయల్దేరారు. రెండోసారి తెచ్చిన దాని బూడిద ఆయన చొక్కా నిండా అంటింది. ఆ చొక్కా చూసి ఆవిడ నవ్వారు. వడియాలు చితికిన రోజు తర్వాత ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

ఇప్పుడు నాకు పని తక్కువ. గవర్రాజు ఈసారి ఎక్కువ అడగడంతో, ఖాళీ అయిన జాగా చాలక ఆవిడ పక్క ప్యానెల్ మీద కూడా దర్జాగా చీర పరుస్తున్నారు. ఆయన ఫోన్లో, మోటరు నా అంతట నేనే వేసే ఏర్పాటు ఆపేసి, గొడుగు వేసుకుని పైన కాకుల్ని తోలుతున్నారు. ఉండుండి 'హుష్!' అన్న కేక మెట్ల మీదుగా నాదాకా వస్తుంది. ఒకప్పుడు నాలుగు రూట్ల బస్సుల్ని నడిపించిన గొంతు అది. తోట కాపలావాడికీ ఆయనకీ తేడా తెలియడం లేదని ఆవిడ ఏడిపిస్తే కోపం కూడా రావడం లేదు.

నిన్న కాకుల పని ముగించుకుని ఆయన దిగొచ్చి, నా పక్కన మెట్టు మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. ఫోను జేబులోనే ఉంది. తీయలేదు. తల పైకెత్తి, ఊరికే కనిపెట్టుకుని కూర్చున్నారు. పైన చీర మడతపెట్టిన చప్పుడైంది.

"ఏమండీ, ఇవాళ్టికి నా ఎండ అయిపోయింది. మిగిలింది మీరు తీసుకోండి!"

ఆయన లేచి, వంగి, నా బొత్తాం వేలితో నొక్కారు. మోటరు తిరిగింది.