రెండు దెబ్బల మధ్య

మాది రేకు పెట్టెల షాపు. ముందు గదిలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. నేను, నా కొడుకు, నా తమ్ముడి కొడుకు, ముగ్గురం మూడు ఇనప దిమ్మల దగ్గర కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు కొడుతూనే ఉంటాం. హాస్టలుకు వెళ్ళే పిల్లలకు బట్టల పెట్టెలు, లారీల వాళ్ళకు సామాన్ల పెట్టెలు, ఇళ్ళల్లోకి డబ్బాలు. మా వీధిలో ఎవరైనా దారి అడిగితే, "ఆ చప్పుడు వినిపిస్తోంది కదా, దాన్ని పట్టుకుని వెళ్ళు" అని చెబుతారు. మా ఇంట్లో అందరికీ గొంతు పెద్దది. గుట్టుగా ఏదైనా మాట్లాడుకోవాలంటే సుత్తులు కింద పెట్టేదాకా ఆగాలి.

నా మనవరాలు ఈ చప్పుడులోనే పుట్టి పెరిగింది. మనిషి చిన్నది, మాట ఘాటు. అందుకని మిరియం అని పిలుస్తాం. నర్సు చదువు చదవాలని దానికి చిన్నప్పటినుంచీ పట్టుదల. వాళ్ళ నాన్న వేలికి రేకు కోసుకుంటే కట్టు కట్టేది అదే, కట్టు కడుతూ తిట్టేదీ అదే. పెద్దాసుపత్రి పక్కనున్న నర్సుల కాలేజీలో సీటు కూడా వచ్చింది. స్కూలు ఆఖరి పరీక్షలో అన్ని సబ్జెక్టులూ పాసవ్వాలి, అంతే.

మిరియం లెక్కలు తప్పింది.

మాకెవరికీ నమ్మబుద్ధి కాలేదు. పెట్టె మూతకు ఎంత రేకు పడుతుందో నేను కొలబద్ద వెతుక్కునేలోపే చెప్పే పిల్ల అది. పరీక్ష హాల్లో ఏమైందమ్మా అంటే, "తెల్ల కాగితం చూస్తూ కూర్చున్నాను తాతయ్యా" అంది. అంతకు మించి చెప్పలేదు. రెండు రోజులు ఎవర్నీ తిట్టలేదు. అది చూసి మా కోడలికి ఇంకా భయం వేసింది.

లెక్కల టీచరమ్మ ఇంటికి వచ్చింది. సప్లిమెంటరీ పరీక్ష సెలవుల్లోనే పెడతారని చెప్పింది. "అందులో పాసైతే ఈ ఏడే కాలేజీలో చేరొచ్చు. తప్పితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. దీనికి లెక్కలు రాక కాదండీ. కాస్త ప్రశాంతంగా చదువుకోనివ్వండి" అని చెప్పి టీ తాగి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే నా కొడుకు సుత్తి కింద పెట్టేశాడు.

"తప్పంతా మనదే నాన్నా. ఈ మోతలో పిల్ల ఎలా చదువుతుంది? పరీక్ష అయ్యేదాకా ఈ ఇంట్లో సుత్తి లేవడానికి వీల్లేదు."

"మరి పెట్టెలెవరు చేస్తారురా?"

"కొలుద్దాం, కత్తిరిద్దాం, రంగులేద్దాం. కొట్టేది తర్వాత చూద్దాం."

అలా మా షాపు నోరు మూసుకుంది. మేం ముగ్గురం కత్తిరించిన రేకులు గోడకు ఆనించుకుంటూ కూర్చున్నాం. ఏదైనా కావాలంటే సైగలు చేసుకునేవాళ్ళం. నేను కత్తెర అడిగితే నా తమ్ముడి కొడుకు మంచినీళ్ళు తెచ్చిచ్చేవాడు. మా కోడలు గిన్నె మీద మూత పెట్టడానికి కూడా చంటిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా పెట్టేది. ఒకసారి నాకు తుమ్ము వస్తే నా కొడుకు నావైపు చూసిన చూపుకి తుమ్ము వెనక్కి పోయింది.

రెండోరోజు ఎదురు షాపు టైలరు మెల్లగా గుమ్మంలోకి వచ్చాడు. మా చప్పుడు భరించలేకపోతున్నానని ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషి. మెడలో టేపు, మొహంలో దిగులు.

"బాబాయ్, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నాం. ఏం?"

"ఏం లేదు. చప్పుడు లేకపోయేసరికి కంగారు పడ్డాను. పొద్దున్నించి మూడు జేబులు తిరగేసి కుట్టాను."

"మనవరాలికి సప్లిమెంటరీ. చదువుకుంటోంది."

"ఓహో" అన్నాడు టైలరు. అని, వెళ్ళేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

ఇంత చేస్తుంటే పిల్ల బాగుపడాలి కదా. రోజురోజుకీ వాడిపోయింది. ఒక మధ్యాహ్నం వెనక గదిలోకి వెళ్ళి చూస్తే పుస్తకం తెరిచి ఉంది, పెన్ను మూత నమిలి నమిలి చదును చేసేసింది, కాగితం మీద ఒక్క అంకె లేదు.

పక్కన కూర్చున్నాను. నేను మెల్లగా మాట్లాడే మనిషిని. నా ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య టీ తాగి రావచ్చంటాడు నా కొడుకు. నేను నోరు తెరిచేలోపే పిల్ల కళ్ళు తుడుచుకుని చెప్పేసింది.

"నాకు చప్పుడు లేకపోతే చెయ్యడం రావడం లేదు తాతయ్యా. మీరు కొడుతుంటే నా బుర్ర లెక్క మీద ఉంటుంది. అంతా నిశ్శబ్దంగా ఉంటే లోపల ఒకటే మాట. తప్పుతావు, తప్పుతావు అని. హాల్లోనూ అదే అయింది. ఎవరో దగ్గారు. ఆ దగ్గు వినిపించినప్పుడు మాత్రం కాస్త హాయిగా ఉంది. మళ్ళీ దగ్గితే బాగుండునని చూస్తూ కూర్చున్నాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"నాన్న పనంతా మానుకుని కూర్చుంటే ఎలా చెప్పను?"

లేచి ముందు గదిలోకి వచ్చాను. నా దిమ్మ దగ్గర కూర్చుని సుత్తి తీశాను. నా కొడుకు కళ్ళు పెద్దవి చేసి రెండు చేతులూ అడ్డం ఊపుతున్నాడు. నేను కొట్టడం మొదలుపెట్టాను. కొట్టాను, కొట్టాను, మూత అంచు సగం తిరిగేదాకా కొట్టాను. లోపల్నుంచి మిరియం కేకేసింది.

"అమ్మా, కాగితాలు అయిపోయాయి, ఇంకొన్ని ఇవ్వు."

నా కొడుకు తల పట్టుకున్నాడు. "బాగానే ఉంది. మరి పరీక్ష హాల్లోకి దిమ్మ మోసుకెళ్ళి పిల్ల పక్కన కూర్చుంటావా?"

చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లో చప్పుడు ఉంటేనే చదువుతుంది, హాల్లో చప్పుడు ఉండదు. అప్పుడు మా కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దీనికి పాలెలా మానిపించాం? ఒక్కరోజులో మానిపించామా? ఒక పూట తగ్గించి, రెండు పూటలు తగ్గించి మానిపించాం. ఇదీ అంతే" అంది.

నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది మా కోడలే, ఈ మాట రాయడానికి సిగ్గుపడుతోంది. రాయమ్మా, నీ మాటే కదా పని చేసింది.

మా పనిలోనూ ఇదే పద్ధతి. రేకు అంచు ఒక్క దెబ్బకు మడిస్తే చీలుతుంది. ఈ కొసనుంచి ఆ కొసకి కొంచెం వంచి, మళ్ళీ మొదటికొచ్చి ఇంకొంచెం వంచాలి. నాకు అర్థమైంది. మర్నాటినుంచి మొదలుపెట్టాం. ముందు మూడు సుత్తులు. తర్వాత రెండు. తర్వాత నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఇనప సుత్తి పక్కన పెట్టి కొయ్య సుత్తి. మిరియం లెక్కలు చేసుకుంటూ పోయింది. టీచరమ్మ పంపిన పాత ప్రశ్నపత్రాలన్నీ చేసింది. మాకు ఆశ పుట్టింది.

కొయ్య సుత్తి కూడా ఆపేసిన రోజున మళ్ళీ పెన్ను మూత నమిలింది.

"ఇది మాత్రం దాటలేను తాతయ్యా" అని వచ్చి నా ఎదుట కూలబడింది. "చప్పుడు ఉంటే ఉన్నట్టు, లేకపోతే అసలు లేదు. మధ్యలో ఏమీ లేదు."

నేను సుత్తి పట్టుకుని ఆలోచించాను. నా అలవాటు ప్రకారం చాలాసేపే ఆలోచించాను. అప్పుడు పిల్లే అంది, "ఇప్పుడు మీరు కొడతారా, కొట్టరా?"

"కొడతాను."

"ఎప్పుడు?"

"తోచినప్పుడు. నువ్వెళ్ళి చేసుకో."

అది వెళ్ళింది. నేను ఒక దెబ్బ కొట్టాను. సుత్తి పైకెత్తి ఆగాను. కాసేపటికి ఇంకోటి కొట్టాను. అది దెబ్బ కోసం ఎదురుచూస్తూ, చూస్తున్నంతసేపూ లెక్క చేసుకుపోయింది. రోజూ ఆ సందు కొంచెం కొంచెం పెంచాను. మొదట దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక వరుస రాసేది. తర్వాత ఒక లెక్క. తర్వాత ఒక పేజీ. నేను మధ్యలో సుత్తి దించి టీ తాగుతున్నానని దానికి తెలుసు. తెలిసినా, "సుత్తి ఇంకా పైనే ఉంది కదా తాతయ్యా" అని అడిగేది. ఉందమ్మా అనేవాణ్ణి. నా కొడుకు ఇది చూసి, "నాన్న నత్తనడక ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది" అన్నాడు.

పరీక్ష రోజు వచ్చింది. మిరియం హాల్ టికెట్టు, పెన్నులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేను దిమ్మ మీద ఒక్క దెబ్బ కొట్టాను.

"రెండోది నువ్వు ఇంటికొచ్చాక" అన్నాను.

అది తలూపి వాళ్ళ నాన్నతో వెళ్ళిపోయింది.

ఆ పూట మా షాపులో సుత్తి లేవకూడదు. తమ్ముడి కొడుకును రంగు పని మీద కూర్చోబెట్టాను. టైలరు కూడా మిషను ఆపి, గుండీలు కుడుతూ మా గుమ్మంలో కూర్చున్నాడు. నీకేమైందయ్యా అంటే, "నాదీ చప్పుడే కదా బాబాయ్" అన్నాడు. హాలు అక్కడెక్కడో ఉంది. అయినా ఆ పూట మా చప్పుడు అక్కడిదాకా వినిపిస్తుందనే అనిపించింది.

అంతా సజావుగా సాగుతుండగా ఒక లారీ డ్రైవరు వచ్చాడు. భుజం మీద పనిముట్ల పెట్టె. మూత సొట్టబడి ఇరుక్కుపోయింది.

"తాతా, ఒక్క దెబ్బ వెయ్యి. ఊడొస్తుంది."

"ఇప్పుడు కుదరదు నాయనా."

"సుత్తి నీ చేతిలోనే ఉందిగా. ఒక్కటంటే ఒక్కటే."

"ఆ ఒక్కటే కుదరదు."

వాడికి ఒళ్ళు మండింది. "అయితే ఇటివ్వు, నేనే కొట్టుకుంటాను" అని చెయ్యి చాపాడు. టైలరు సూది నోట్లో పెట్టుకునే లేచి అడ్డం నిలబడ్డాడు. తమ్ముడి కొడుకు రంగు బ్రష్షు పట్టుకుని ఇంకోపక్క నిలబడ్డాడు. డ్రైవరు ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. పిచ్చాళ్ళ మధ్య పడ్డానని అనుకుని ఉంటాడు. కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. నేను చెప్పడం అయ్యేసరికి చాలా పొద్దే గడిచింది.

విన్నాక డ్రైవరు పెట్టె కింద దించుకుని, దాని మీదే కూర్చున్నాడు. "నేనూ లెక్కల్లోనే పోయాను తాతా" అన్నాడు. "వచ్చేదాకా ఉంటాను. నా పెట్టెకేం తొందర లేదు." ఆ తర్వాత వీధి మలుపు చూడటానికి మాకంటే ఎక్కువసార్లు వాడే లేచాడు.

మిరియం వచ్చింది. వాళ్ళ నాన్న వెనకబడిపోయాడు, అది ముందొచ్చింది. జడ ఊడిపోయి ఉంది, వేళ్ళ నిండా సిరా.

"అన్నీ రాశాను" అంది. "హాల్లో పది మందిమే. అంత నిశ్శబ్దం ఎప్పుడూ చూడలేదు. నాలుగో లెక్క దగ్గర లోపల ఆ మాట మొదలైంది తాతయ్యా. తప్పుతావు అని. అప్పుడనుకున్నాను, తాతయ్య సుత్తి పైకెత్తి ఉంచాడు, ఇంకా కిందికి రాలేదు, వచ్చేలోపు ఇది అవ్వగొట్టెయ్యాలి అని. మీకు చెయ్యి లాగలేదా?"

"లాగింది" అన్నాను.

డ్రైవరు తన పెట్టె తెచ్చి నా దిమ్మ మీద పెట్టాడు. రెండో దెబ్బ దాని మీద వేశాను. మూత ఊడొచ్చింది. వీధిలోకి వినపడేలా టైలరు చప్పట్లు కొట్టాడు.

ఇక ఆగిన పనంతా మీద పడింది. గోడకు ఆనించిన రేకులన్నీ పెట్టెలు కావాలి. ముగ్గురం ఊపిరాడకుండా కొడుతున్నాం. ఫలితాలు వచ్చే రోజున మిరియం స్నేహితురాలి ఇంటికి, ఫోనులో చూసుకోవడానికి వెళ్ళింది. సుత్తులు పట్టుకున్నామే గానీ మా ముగ్గురి మనసూ గుమ్మంలోనే ఉంది. అంత చూస్తున్నా అది ఎప్పుడొచ్చిందో తెలియలేదు. వెనక నిలబడి ఏదో అరుస్తోందట. మాకు వినపడలేదు. చివరికి సుద్దముక్క తీసుకుని, వాళ్ళ నాన్న ముందున్న కొత్త రేకు మీద పెద్దగా రాసింది. 61.

నా కొడుకు తల కూడా ఎత్తలేదు. కొలబద్ద తీసి అరవై ఒక్క అంగుళాలకు గీత గీశాడు. కత్తెర అందుకుంటూ విసుక్కున్నాడు.

"అరవై ఒకటేమిటే? ఇంత పొడుగు పెట్టె ఎవడడిగాడు? అందులో బట్టలు పెడతాడా, మనిషిని పడుకోబెడతాడా?"

పిల్ల కత్తెర లాక్కుంది. అంకె పక్కన "లెక్కలు" అని రాసింది.

నా కొడుకు ఆ రేకు వైపు చూశాడు. తర్వాత పిల్ల వైపు చూశాడు. మా సుత్తులు ఆగిపోయాయి.

"నూటికా?" అన్నాడు.

"కాదు, వెయ్యికి. నూటికే నాన్నా. పాసయ్యాను."

"మరి రాగానే చెప్పొచ్చు కదే."

"చెప్పాను. గొంతు పోయేలా చెప్పాను."

"చెప్పింది" అన్నాడు టైలరు, రోడ్డు దాటి వస్తూ. వాడి వెనక వీధిలో సగం మంది ఉన్నారు. "అందరికీ వినపడింది బాబాయ్. మీ ముగ్గురికే వినపడలేదు."

మా కోడలు లోపల్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి పిల్లను గట్టిగా పట్టుకుంది. నా కొడుకు ఆ రేకు ఎత్తి, ఇటూ అటూ తిప్పి, అంకె చెరిగిపోకుండా గోడకు ఎత్తుగా నిలబెట్టాడు. ఆ పూట ఇంక ఎవ్వరం పని చెయ్యలేదు. కాలేజీ హాస్టలుకు పెట్టె కావాలని మిరియం అడిగింది. ఎంత పొడుగు కావాలమ్మా అని అడిగితే, ఎప్పట్లాగే నన్ను తిట్టింది.