నా స్పీకర్లో ఓడాయన గొంతు

పాటలంటే నాకు ప్రాణమని నలుగురిలో చెప్పుకుంటాను గానీ, నిజానికి నా ప్రాణమంతా నా ఆంప్లిఫయర్ మీదే. దాన్ని నేనే కట్టాను. ప్లేయర్ నుంచి దానిలోకి వెళ్ళే తీగకీ నా చేత్తోనే టంకం పెట్టాను. కొన్న తీగలు వాడేవాళ్ళను చూస్తే నాకు జాలి. అలాంటి నా స్పీకర్లోంచి ఒక సాయంత్రం, పాట మధ్యలో, పై అంతస్తు ఓడాయన గొంతు వినిపించింది.

"మోకాలు ఎలా ఉందన్నయ్యా? మందు రాస్తున్నావా లేదా? ఇక నీ వంతు."

ఓడాయన అంటే ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. లైసెన్సున్న రేడియో సెట్టు ఇంట్లో పెట్టుకుని, డాబా మీద ఇనప స్తంభానికి తీగ కట్టి, సముద్రం అవతల ఉండే అన్నగారితో రోజూ ఆరింటికి మాట్లాడతాడు. ఫోనుండగా ఇదేం చాదస్తమండీ అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వాడు.

"ఫోన్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం బాబూ. రెండో నిమిషానికే పోట్లాట. ఇందులో ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు నోరు మూసుకోక తప్పదు. పదకొండేళ్ళుగా మా మధ్య మాటలున్నాయంటే ఆ స్తంభం చలవే."

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను. అందుకే ఈ సిగ్గు.

నా స్పీకర్లో మీ గొంతు వస్తోందని ఆయనకు ఫిర్యాదు చేయగానే ఆయనే కిందికి దిగి వచ్చాడు. ఆ వేళకి మా బావమరిది ఇంట్లో ఉన్నాడు. అప్పటిదాకా అతని ముందు నా పనితనం గురించి గొప్పలు పోతున్నాను. ఓడాయన తీగ చివర వేలితో తడిమి, "షీల్డు ఏ వైపు కలిపారు బాబూ?" అని మెల్లగా అడిగాడు.

షీల్డంటే లోపలి తీగల చుట్టూ ఉండే రాగి అల్లిక. గాలిలోని రేడియో తరంగాలను లోపలికి చొరనీయకుండా అడ్డుకునేది అదే. దాన్ని ఒక చివర కలిపి, రెండో చివర కోసి వదిలేయడం నా పద్ధతి. రెండు వైపులా కలిపితే గుయ్యిమని రొద వస్తుంది. ఇది నాకు నేర్పడానికి వచ్చాడా అని ఒళ్ళు మండింది.

"అది నేను కట్టిన తీగండీ. మీరు మీ స్తంభం సంగతి చూసుకోండి," అన్నాను. ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మా అపార్ట్‌మెంట్ల సెక్రటరీకి ఉత్తరం రాశాను. పాట పాడవుతోందంటే ఎవరు పట్టించుకుంటారని, స్తంభం వల్ల పిల్లల ఆరోగ్యానికి ముప్పని ఒక వాక్యం కలిపాను. దానికి ఆధారమేమీ లేదు, నా చేతికి వచ్చింది రాశాను. పనిచేసింది ఆ వాక్యమే. మీటింగులో స్తంభం దించాలని అందరి కంటే ముందు లేచిన చెయ్యి నాది. ఒక్క వారం గడువిమ్మని ఓడాయన అడుగుతున్నా ఎవరూ వినలేదు. ఆదివారం స్తంభం దిగింది.

సోమవారం ఆరింటికి కాలు మీద కాలేసుకుని కూర్చుని పాట పెట్టాను. పాట కాస్త తగ్గినచోట, అదే స్పీకర్లోంచి సన్నగా, ఎవరో రేడియో వార్తలు చదువుతున్నారు.

స్తంభం లేదు. ఇక ఎవరినని అంటాను? మీటరు తెచ్చి తీగకు పెట్టాను. ఆ చివర షీల్డు కలిసి లేదు, అది సరే. ఈ చివరా కలిసి లేదు. పైతొడుగు చీల్చి చూశాను. రెండు చివరలా రాగి అల్లికను నున్నగా కోసేసి ఉంది. ఒక చివర కోసి, భోజనానికి లేచి, తిరిగొచ్చి, కోయాల్సింది ఇదే అనుకుని రెండోదీ కోశాను. ఎంత శుభ్రంగా కోశానో అని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆడలేక మద్దెల ఓడన్నది నాలాంటివాడి గురించే.

ఒక చివర కలపడానికి పది నిమిషాలు పట్టింది. వార్తలు ఆగిపోయాయి. పైకెళ్ళి ఆ మాట చెప్పడానికి మాత్రం ఐదు రోజులు పట్టింది. తేలు కుట్టిన దొంగలా, మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వింటే తలుపు వెనకే ఆగిపోయేవాణ్ణి. శనివారం మా ఆవిడ, "మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?" అంది.

వెళ్ళాను. అంతా చెప్పాను. ఉత్తరంలో కలిపిన అబద్ధంతో సహా.

"ఆ రోజే అనుమానం వచ్చింది బాబూ," అన్నాడు ఓడాయన. "మీ బావమరిది ఉన్నాడు కదా, నొక్కి అడగలేకపోయాను."

తల కొట్టేసినట్టయింది. సెక్రటరీతో ఇప్పుడే చెప్పి వస్తాననీ, స్తంభం నేనే నిలబెడతాననీ అన్నాను.

"స్తంభానికేం, లేస్తుంది. అవతల అన్నయ్య పలకాలి కదా. గురువారం దాకా ఫోన్లోనే లాక్కొచ్చాం. 'నా మీద విసుగు పుట్టి స్తంభం నువ్వే దించేశావు, పైగా సాకులు చెప్తున్నావు' అన్నాడు. నేనూ ఊరుకోలేదు. అప్పట్నుంచీ నా ఫోను ఎత్తడం లేదు."

గురువారం. నేను సోమవారమే మెట్లెక్కి ఉంటే ఆ పోట్లాట జరిగేదే కాదు.

నంబరడిగి, అక్కడే నిలబడి, నా ఫోన్ నుంచి చేశాను. అన్నగారు ఎత్తారు. నేనెవరో, ఏం చేశానో చెప్పాను.

"రెండు చివర్లా కోశావా?"

"రెండు చివర్లానండీ."

"కళ్ళజోడు లేకుండానా?"

"పెట్టుకునేనండీ."

తర్వాత ఆయన చెప్పాల్సింది చెప్పి పెట్టేశారు. ఓడాయన కుర్చీ చేయి గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"స్తంభం ఎత్తమన్నారు. ఎప్పటికెత్తితే అప్పట్నుంచి ఆరింటికి సెట్టు దగ్గరుంటారట."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకా ఏదో అన్నాడే, అంతసేపు విన్నారు?"

దాచొచ్చు. కానీ దాచింది చాలనిపించింది.

"తీగ మాత్రం నా చేత కట్టించొద్దన్నారు."

ఓడాయన నవ్వలేదు.

"సరే," అన్నాడు. "నువ్వు నిచ్చెన పట్టుకో."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను నువ్వనడం అదే మొదటిసారి. సెక్రటరీ ఇంటికి దిగి వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో ఉంది. చిన్నబుచ్చడమో, దగ్గర చేసుకోవడమో తెలియదు గానీ, నాకు దక్కాల్సిందే అనుకున్నాను.