మూడు రకాల ఆప్రికాట్లు

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో పండ్లను పరీక్షించే చిన్న ల్యాబులో లీలావతి చేరి ఆరేళ్ళయింది. అది 1999. నాలుగు ముక్కలు కోడింగ్ వస్తే చాలు, పిలిచి ఉద్యోగమిచ్చే రోజులు. తోటివాళ్ళిద్దరూ కోర్సులు చేసి ఊరి మధ్య తంజోంగ్ పగార్ ఆఫీసుల్లో కుదురుకున్నారు. ముగ్గురి పనీ ఆమె నెత్తిన పడింది.

ఒక దిగుమతి కంపెనీ మూడు రకాల ఆప్రికాట్లు పంపింది. హైదరాబాదులో ఎండబెట్టి ఖుబానీ అని అమ్ముతారే, ఆ పండే, పచ్చిది. లీలావతి ఒక్కో పండునీ తూచింది, గింజ తీసి గుజ్జెంతో చూసింది, తీపి, పులుపు, పీచు, విటమిన్లు కొలిచింది. పెద్ద రకం నిగనిగలాడుతోంది గానీ లోపలంతా నీరే. మధ్య రకం అన్నిటిలోనూ అంతంతమాత్రం. మచ్చలున్న చిన్న రకంలోనే పోషకాలెక్కువ. కాకపోతే వేలు తగిలితే కమిలిపోతుంది.

శుక్రవారం రిపోర్టు రాయబోతూ ఆగిపోయింది. మంగళవారం లెక్కల్లో చిన్న పండు పెద్దదానికంటే బరువు తూగింది. అలసటలో ట్రేల చీటీలు మార్చి పెట్టినట్టుంది. ఏ కొలత చీటీలు మారకముందుదో, ఏది తర్వాతదో ఇప్పుడు తేల్చుకోలేకపోయింది.

మేనేజర్ సాంబశివరావు దగ్గరికి వెళ్ళింది.

"సార్, మంగళవారం లెక్కలు తప్పండి. పొరపాటు నాదే. మళ్ళీ చెయ్యాలి."

"ఎవరు చూడొచ్చారమ్మా? ఆ కంపెనీవాళ్ళు పెద్ద పండుకే ఆర్డర్ పెట్టేశారు. పొద్దున్నే ఫోన్ చేశారు."

"మరి మనచేత టెస్టులెందుకు చేయించారండీ?"

"డబ్బా మీద ల్యాబ్ పేరు వేసుకోడానికి."

"రిపోర్టు కింద సంతకం నాది కదండీ," అంది లీలావతి.

ఆయన నిట్టూర్చి తాళాలు బల్ల మీద పెట్టాడు. "రేపు రా అయితే. నేను మాత్రం రాలేనమ్మా."

శనివారం ఒక్కతే ఫ్రిజ్‌లో మిగిలిన పండ్లు కోసి, మొదటినుంచీ కొలిచింది. సాయంత్రానికి నడుం పట్టేసింది. చిన్నదాని మేలూ, పెద్దదాని నీరూ ఉన్నదున్నట్టు రాసి సంతకం చేసింది. సంతోషమేమీ కలగలేదు. తప్పు రాయలేదన్న నెమ్మది మాత్రం కొంచెం ఉంది.

ఇంటికి ఫోన్ చేస్తే కూతురు అమూల్య ఎత్తింది. "మకాన్ అయిపోయింది లా, అన్నం తినేశా. నువ్వు స్లోగా రా అమ్మా."

ఇల్లున్న బుకిట్ బటోక్ ఒక్క స్టేషనే. రైల్లో సీటు దొరికింది, కూర్చోగానే కన్నంటుకుంది. తెరిచేసరికి ఇంకో రెండు స్టేషన్లు దాటి చోవా చూ కాంగ్ వచ్చింది. దిగి, అవతలి ప్లాట్‌ఫారం మీద తిరుగు రైలెక్కింది. సీట్లు ఖాళీగానే ఉన్నా ఈసారి కూర్చోలేదు.