ఒడిబియ్యానికి వచ్చిన అల

పొద్దుగాల జొన్న గట్క తాగి ఎడ్లను కట్టుడు, ఎండ ముదిరితే ఏదన్న కొబ్బరితోటల బండ్లు ఇడుసుడు, చల్లబడ్డంక మళ్ల సముద్రం ఒడ్డుపొంట కదులుడు. ధర్మపురి దిక్కునుంచి చుట్టాలంత కలిసి కట్టుకొచ్చిన అయిదారు బండ్లకు అంతకు మించి పనిలేదు. ముందు బండి రాయమల్లుది. నిజాం రాజ్యంల సముద్రం లేకుండె, ఆంధ్రతోని కలిసినంక అది గూడ మనదే అయింది, మనదాన్ని మనం సూసిరాకుంటె ఎట్ల అని వరికోతలు ఒడిసినంక అందరిని బయలెల్లదీసింది ఆయననే.

ఎవలకూ తొందర లేదు. ఎడ్లు ఆగితే మనుషులు ఆగుడు. గాలికి కొంగు ఎగురుతుంటే రాయమల్లు భార్య భూమవ్వ నెరిసిన జుట్టుతోని గూడ కొత్త పెండ్లికూతురు లెక్క కనవడేది.

ఒక్క బిడ్డ సరోజన ముచ్చట మాత్రం ఆయన ముందట తియ్యొద్దు. బొగ్గుబాయిల పనిజేసే పోశం మీద మనసుపడి ఆమె లగ్గం చేసుకున్నది. దాన్ని నా నోటితోని రమ్మని పిలువ అని రాయమల్లు ఒట్టువెట్టుకున్నడు. పుట్టింటోళ్లు పిలిచి ఒడిల బియ్యం పోస్తమంటెనే ఆడబిడ్డ వస్తది. పిలువలే గనుక ఆమె రాలే. బతుకమ్మ పండుగలు ఆమె లేకుండనే పోయినై.

గోదావరి సముద్రంల కలిసే కాడ భూమవ్వ నీళ్లల్ల పసుపు కుంకుమ ఇడిచింది. తమ ఊరి పొంట పారిన గంగవ్వనే గింత దూరం అత్తగారింటికి వచ్చిందని, కాళ్లు తడిపిన నీళ్లను వంగి నిమిరింది.

"మా ఊరి ఆడబిడ్డవు, పుట్టింటి మొకం ఎన్నడు సూసినవ్? రా బిడ్డా, ఒడిబియ్యం పోస్తం."

రాయమల్లు గూడ దండం వెట్టి రమ్మన్నడు. నదిని పిలిస్తే ఒట్టు తప్పినట్టు గాదు గద.

తెల్లారి బండ్లు కదిలితే ఒక అల వెనుకనే వచ్చింది. మోకాలెత్తు ఉన్నది, దూడ లెక్క గంతులేస్తున్నది. భూమవ్వ తమ్ముడు అంతయ్య, బండి ఎక్కుతదేమో అడుగు అక్కా అన్నడు. నడుస్తదిలే అన్నది ఆమె. గుట్టలెక్కేకాడ అల ఆయాసపడ్డది, దిగేకాడ ఎడ్లకంటె ముందు ఉరికింది. తొవ్వల ఊరూరికి ఆడోళ్లు ఎవలింటి బిడ్డ అని అడిగి, బొట్టువెట్టి సాగదోలిన్రు.

మంథని దాటినంక తొవ్వ చీలింది. ఒకటి ఊరికి, ఒకటి బొగ్గుబాయిలకు. అల బొగ్గుబాయిల దిక్కు మర్రింది. రాయమల్లు పిలిచిండు, ముల్లుకర్రతోని అదిలించిండు. అది ఆగలే.

"పిలిచి తోలుకొచ్చిన ఆడబిడ్డను తొవ్వల ఒక్కదాన్నే ఇడుస్తర, బావా?" అన్నడు అంతయ్య, నవ్వును మీసంల దాసుకుంట.

రాయమల్లు పగ్గం గుంజిండు. వెనుక బండ్లన్నీ మర్రినై.

బొగ్గుపొడి బాటమీద తెల్లగ నడిచి, అల ఒక గుడిసె వాకిట్ల ఆగింది. అక్కడ సరోజన చాటల బియ్యం చెరుగుతున్నది. అల ఆమె కాళ్లు తడిపి అక్కడనే కూసున్నది. పోశం మంచం వాల్చిండు. భూమవ్వ బిడ్డను పట్టుకొని ఏడుసుకుంట నవ్వింది. రాయమల్లు బండి దిగలే. అలను లేపుమన్నడు. ఎవలు లేపినా అది లేవలే.

"దీనికి ఏం గావాలె, బాపు?" అన్నది సరోజన.

ఆయన బిడ్డ పాదాల దిక్కు సూసిండు. నడక నేర్సిన్నాడు గోదాట్ల కడిగిన పాదాలే అవి.

"తోడు గావాలె కావచ్చు. బండ్లె జాగ ఉన్నది. రా బిడ్డా."

అల లేచి నిలవడ్డది.

ఊర్లె ఇద్దరికీ ఒడిబియ్యం పోసిన్రు. తన బియ్యం నురుగుల మూటగట్టుకొని అల గోదాట్ల దిగి అత్తగారింటికి పోయింది. కొన్నొద్దులకు సరోజనను తీస్కపోను పోశం వస్తే, రాయమల్లే మంచం వాల్చిండు. వచ్చే యేడు ఇంకొక బండి కడుతున్నం అల్లుడా, దాన్ని నువ్వే తోలాలె అన్నడు. సముద్రం ఇప్పుడు మనదే గదా.